స్టెంట్ వేశాక నాన్న ముభావంగా మారిపోయారు, కార్టిజాల్ (ఒత్తిడి హార్మోన్) పరీక్ష చేయించాలా?

మాది ప్రొద్దుటూరు. నాన్నకు 61 ఏళ్లు. నాలుగు నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఎకో బాగుంది, బీపీ అదుపులోనే ఉంది. మనిషిలోనే కళ లేదు. తెల్లవారుజామున మూడున్నరకే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటారు. సంగటి ముద్ద సగం కూడా తినకుండా కంచంలోనే చెయ్యి కడిగేస్తారు. గుండె డాక్టరేమో 'టెన్షన్ పెట్టుకోవద్దు' అని పంపించేశారు. వద్దంటే పోయేదా అది!

గుండెపోటు వచ్చినవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందని చదివాను. కార్టిజాల్ పొద్దున ఎక్కువగా ఉండి రాత్రికి తగ్గాలట, డిప్రెషన్ ఉన్న కొందరిలో అలా తగ్గదట. ల్యాబ్ అతను పొద్దున ఎనిమిదికి ఒక్కసారి రక్తం ఇస్తే చాలంటున్నాడు. దాంతో డిప్రెషన్ తేలుతుందా? నాకైతే దండగ ఖర్చనిపిస్తోంది.

రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, గుండెకు మెటోప్రోలాల్ వాడుతున్నారు. వీటితో డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ కలిస్తే రక్తస్రావం భయం ఉందంటారు, ఎవరైనా డాక్టర్ సలహాతో వాడారా? మానసిక వైద్యుడి దగ్గరికి పోదామంటే 'నాకేమన్నా పిచ్చి పట్టిందా' అని కోప్పడుతున్నారు. మీ ఇళ్లలో పెద్దవాళ్లను ఎట్లా ఒప్పించారు? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ముందు నేనే ఫోన్ చేసి మాట్లాడొచ్చా?