ప్లగ్గులో నిప్పు ఉంది, బండి మాత్రం లేవడం లేదు (యెజ్డి 250 మోటార్‌సైకిల్, ఫోరం చర్చ)

వడ్డేపల్లి కట్ట
మా నాన్నగారి బండి 1982 యెజ్డి 250. హన్మకొండలో మా ఇంటి వెనక రేకుల కింద మూడేళ్లుగా నిలిపి ఉంది. ఆయనకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. పోయిన నెల నేను పని మొదలుపెట్టాను. పాత పెట్రోలు పారబోసి ట్యాంకు కడిగాను. కొత్త 6 వోల్టుల బ్యాటరీ, కొత్త స్పార్క్ ప్లగ్గు వేశాను. కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేశాను. ప్లగ్గును ఇంజిన్ హెడ్డుకు ఆనించి కిక్కు కొడితే నిప్పు కనిపిస్తోంది. లోపల బిగించి కొడితే ఉలుకూ పలుకూ లేదు. ముప్పై కిక్కుల తరువాత ప్లగ్గు తీస్తే తడిగా వస్తోంది. ఎక్కడ వెతకాలి? ఆదివారంలోగా బండి లేవాలి.

కాజీపేట లోకో
నిప్పు ఏ రంగులో ఉంది?

వడ్డేపల్లి కట్ట
పసుపు, కొంచెం ఎరుపు కలిసినట్టుగా.

కాజీపేట లోకో
అయితే ఇంకెక్కడా వెతకనక్కరలేదు. కండెన్సర్ పోయింది, అంటే నిప్పుకు బలం ఇచ్చే చిన్న భాగం. బయటి గాలిలో ప్లగ్గు సందు దాటడం నిప్పుకు కష్టం కాదు. సిలిండర్‌లో పిస్టన్ పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అదిమినప్పుడు అదే సందు దాటాలంటే చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. నీలంగా, చిటుక్కుమని శబ్దం చేస్తూ పడే నిప్పు అయితేనే అక్కడ నిలుస్తుంది. చీకట్లో పాయింట్ల (నిప్పు కోసం కరెంటును తెంచే స్విచ్చు) మూత తీసి కిక్కు కొట్టించండి. పాయింట్ల మధ్య తెల్లగా మెరుపులు వస్తుంటే కండెన్సర్ పని చేయడం లేదని అర్థం. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు పెట్టండి. ఇంజిన్ మాత్రం విప్పకండి.

ఏనుమాముల
పెట్రోలు సంగతి ఎవరూ మాట్లాడరేమి? ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. కార్బురేటర్‌కు ముందు వెళ్లేది ఆ అడుగుదే. 1982 బండిలోని రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనికోసం తయారైనవి కావు.

కోట తోరణం
శీర్షికలో లేకపోయినా, ఈ ప్రశ్నను ఫోరంలో వింటేజ్ బండ్ల విభాగంలో ఎందుకు పెట్టారు? 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్.

పరకాల షెడ్డు
ప్లగ్గు తడి అన్నారు. ఏ తడి? అది ఎవరూ అడగలేదు.

ప్లగ్గును పాత వార్తాపత్రిక మీద దులపండి. పెట్రోలయితే మీరు చూస్తుండగానే ఆరిపోతుంది, అందులో కలిపిన టూటీ ఆయిల్ మచ్చ పలుచగా మిగులుతుంది. ఆరకుండా, కాగితం అవతలి వైపుకు జిడ్డు దిగితే అది గేరు ఆయిల్. అది పిస్టన్ కింద ఉండే క్రాంకు గదిలోకి వస్తోందంటే సీలు పోయినట్టే.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ పైన ఎంత పని జరుగుతుందో కింద కూడా అంతే జరుగుతుంది. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు క్రాంకు గది కార్బురేటర్ నుంచి మిశ్రమాన్ని పీలుస్తుంది, దిగేటప్పుడు పైకి నెడుతుంది. ఆ గదికి రెండు వైపులా ఆయిల్ సీళ్లు ఉంటాయి. మూడేళ్లు కదలకుండా నిలబడితే రబ్బరు ఎండి గట్టిపడుతుంది. ఒక వైపు నుంచి గేరు ఆయిల్ వస్తుంది, రెండో వైపు నుంచి గాలి. ఇక పీల్చడానికి బలం ఎక్కడిది? ఇంజిన్ విప్పాల్సిందే.

కాజీపేట లోకో
అదిగో, మొదలైంది. మెకానిక్ దగ్గరికి వెళితే మొదటి మాటే ఇంజిన్ విప్పాలని. వంద రూపాయల కండెన్సర్ మార్చి చూడకుండా వేల రూపాయల పని ఎందుకు? 2004లో నా జావా బండిని ఇలాగే ఒక షెడ్డులో విప్పించాను. బండితో వచ్చిన జికోవ్ కార్బురేటర్ పోయింది. దాని చోట ఇంకేదో బిగించి ఇచ్చారు. అడిగితే ‘ముందు నుంచి ఇదే ఉంది’ అన్నారు. ఇరవై ఏళ్లు దాటింది, ఆ బండి నా చేతిలో మళ్లీ ఎప్పుడూ సవ్యంగా నడవలేదు.

పరకాల షెడ్డు
మీ కార్బురేటర్ నేను తీయలేదు. మీరు అడిగినా అడగకపోయినా ఒక పరీక్ష చెబుతాను, ఖర్చు లేనిది. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా పెట్రోలు పోసి, ప్లగ్గు బిగించి కిక్కు కొట్టండి. రెండు మూడు సార్లు పేలి ఆగిపోతే నిప్పు, అది పడే టైమింగు సరిగా ఉన్నట్టే. కింది నుంచి మిశ్రమం రావడం లేదన్నమాట.

రెండు చక్రాలు, కరీంనగర్
పెట్రోలులో ఆయిల్ ఎంత కలిపారు? లీటరుకు 40 మిల్లీలీటర్లు ఉండాలి. తక్కువైతే బోరు (సిలిండర్ లోపలి గోడ) పోతుంది.

వడ్డేపల్లి కట్ట
40 కలిపాను. చెంచా పెట్రోలు పోసి చూశాను. మూడు సార్లు గట్టిగా పేలింది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వచ్చింది, ఆగిపోయింది. మళ్లీ పోస్తే మళ్లీ అంతే. చప్పుడుకు నాన్నగారు కర్ర పట్టుకుని వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఇంజిన్ విప్పడానికి మాత్రం ఆయన ససేమిరా ఒప్పుకోరు.

కాజీపేట లోకో
మిశ్రమం రాకపోవడానికి కార్బురేటర్ చాలదా? స్లో జెట్టు రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. ఊదితే సరిపోదు, సన్నని రాగి తీగతో తీయాలి. అయినా ఆదివారానికి లేవాలంటే కండెన్సర్, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించండి. బలమైన నిప్పు ఉంటే మిశ్రమం కాస్త తక్కువైనా అంటుకుంటుంది.

పరకాల షెడ్డు
ఆదివారం, ఆదివారం అంటున్నారు. ఆదివారం ఏముంది? బండి చూడటానికి ఎవరైనా వస్తున్నారా?

కాజీపేట లోకో
అది మీకెందుకు? అడిగింది ఇంజిన్ గురించి.

పరకాల షెడ్డు
నాకెందుకో చెబుతాను. నా షెడ్డుకు ఇలాంటి బండి ఒకటి వచ్చింది. కొన్నవాడు కుర్రవాడు. అమ్మినవాడు అంతకుముందు రోజు ఎలాగో లేపి, చప్పుడు వినిపించి డబ్బు తీసుకున్నాడు. సీలు దగ్గర గాలి పీలుస్తున్న ఇంజిన్‌లో మిశ్రమం పలుచబడి పిస్టన్ విపరీతంగా వేడెక్కుతుంది. వేగంలో ఉండగా పిస్టన్ బోరుకు పట్టేస్తే వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ములుగు రోడ్డు మీద అదే జరిగింది. వెనక అతని భార్య కూర్చుని ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేదు. ఆ పిస్టన్ నేను చేత్తో పట్టుకున్నాను, ఒక పక్కంతా పై నుంచి కింది దాకా గీతలు.

లేవడం వేరు, నడవడం వేరు. ఎలాగో ఒకలాగ లేపే ఉపాయం నాకూ తెలుసు. చెప్పను.

కోట తోరణం
అమ్మేటప్పుడు వింటేజ్ అని రాయకూడదని కూడా గుర్తుంచుకోండి. 1982 బండికి 2032 దాకా ఆ మాట వర్తించదు.

కాజీపేట లోకో
ఎవరో చేసిన పనికి ఇతన్ని తప్పుపడితే ఎలా? పాత బండి కొనేవాడికి ఆ మాత్రం తెలియదా?

ఏనుమాముల
తెలియకనే కదా కొంటారు. మీ జావాను షెడ్డుకు ఇచ్చినప్పుడు మీకు తెలిసిందా?

వడ్డేపల్లి కట్ట
రెండు రోజులు ఇటు రాలేకపోయాను. పరకాల గారు అనుకున్నది నిజమే. హైదరాబాద్ నుంచి ఒకరు ఆదివారం వస్తామన్నారు. లేచే బండికి ఒక ధర, లేవని బండికి సగం ధర చెప్పారు. నాన్నగారి ఆపరేషన్ అప్పు ఇంకా కొంత మిగిలి ఉంది. అందుకే తొందరపడ్డాను.

నిన్న కాగితం పరీక్ష చేశాను. మచ్చ ఆరలేదు. పొద్దుటికి అరచేయంత అయి, కింది పేజీకి కూడా దిగింది. తరువాత గేరు ఆయిల్ దించి కొలిచాను. నేనే పోసిన దాంట్లో సగం కూడా రాలేదు. బయట ఎక్కడా కారలేదు. నాన్నగారికి చూపించాను. ములుగు రోడ్డు సంగతి కూడా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 1996లో యెజ్డి తయారయ్యే మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డ తరువాత ఒకసారి ఇంజిన్ విప్పిస్తే, ఆ మెకానిక్ రెండు నెలలు బండిని ముక్కలుగా వదిలేశాడట. అప్పటి నుంచీ ఆయనకు ఆ భయం. ‘విప్పినవాడు నా ఎదురుగా విప్పాలి’ అన్నారు, అంతే.

హైదరాబాద్ వాళ్లకు ఫోను చేసి సీళ్లు పోయాయని చెప్పేశాను. బాగయ్యాక పిలవమన్నారు.

పరకాల షెడ్డు
బండిని ట్రాలీలో వేయించుకుని రండి, నాన్నగారిని కూడా తీసుకురండి. నీడన కుర్చీ వేయిస్తాను. తీసిన ప్రతి భాగం ఆయన ముందే పళ్లెంలో పెడతాను. సీళ్లు మీరే కొని తెచ్చుకున్నా సరే. కూలి డబ్బులు బండి అమ్ముడయ్యాక ఇవ్వండి.

కాజీపేట లోకో
కొత్త కండెన్సర్ నా దగ్గర ఒకటి ఉంది, వెళ్లేటప్పుడు కాజీపేటలో ఆగి తీసుకోండి. సీళ్లు మార్చినా పసుపు నిప్పు పసుపుగానే ఉంటుంది. పరకాల గారూ, నా జావా కూడా ఒకసారి చూస్తారా? నేను కూడా ఎదురుగానే కూర్చుంటాను.