చెక్క, లవంగాల బదులు పొడులు వేస్తే పులుసు చేదెక్కింది, ఎక్కడ తప్పు చేశాను?

బాబు వాళ్లమ్మ, తిరుపతి:
మా వాడికి మూడేళ్లు. లవంగం గానీ మిరియం గానీ పంటికి తగిలిందంటే ఆ పూటకి ఇంక ముద్ద ముట్టడు. అందుకని మొన్న ఆదివారం నాటుకోడి పులుసుకి నూనె కాగగానే 4 లవంగాలు, 2 అంగుళాల చెక్క, 3 యాలకులు వేసే బదులు మూడింటి పొడులూ తలా అర టీస్పూను వేశాను. వేయగానే నల్లబడి పొగొచ్చింది, పులుసంతా చేదు. సంకటి చక్కగా కుదిరింది, కానీ దేంతో తినాలి? పొడి ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి? పొంగలికి మిరియాల పొడి పనికొస్తుందా?

పీలేరు కోడలు:
అక్కా, చేదు మాడినందువల్లే. పొడి సన్నగా ఉంటుంది కదా, కాగే నూనెలో క్షణంలో మాడుతుంది. ఉల్లిపాయ, టమాటా మగ్గి కాస్త తడి ఉన్నప్పుడు వేయండి. కొలత కూడా ఎక్కువైంది. 3 లవంగాలకే సుమారు పావు టీస్పూను పొడి వస్తుంది, అర టీస్పూను అంటే 6 లవంగాలు వేసినట్టు! పైగా పొడి ఘాటంతా ఒకేసారి దిగుతుంది, కాబట్టి లవంగం పొడి చిటికెడుతో మొదలుపెట్టి, పులుసు ఉడికాక రుచి చూసి పెంచుకోండి.

చిత్తూరు వంటిల్లు:
నేనైతే పొడి జోలికే పోను. నూనెలో చెక్క, లవంగాలు వేసి, లవంగం ఉబ్బి వాసన రాగానే చిల్లుల గరిటెతో తీసేసి అప్పుడు ఉల్లిపాయలు వేస్తాను. వాసన నూనెలోనే ఉండిపోతుంది. లెక్కపెట్టి వేస్తే ఒక్కటి కూడా మిగిలిపోదు. పులావ్‌కి కూడా ఇదే మేలు, పొడి వేస్తే అన్నం రంగు మారిపోతుంది.

పీలేరు కోడలు:
ఇది బాగుంది, నాకు తట్టలేదు. పొంగలి సంగతి మర్చిపోయాను అక్కా, డబ్బాలో నెలల తరబడి ఉన్న పొడి మాత్రం వద్దు, దానికి కారమే తప్ప వాసన ఉండదు. అప్పటికప్పుడు చిన్న రోట్లో మిరియాలు మెత్తగా దంచి, నెయ్యిలో జీలకర్ర, కరివేపాకు వేగి స్టవ్ ఆపాక ఆ వేడికే వేసి పొంగలిలో కలిపేయండి.

బాబు వాళ్లమ్మ, తిరుపతి:
ఇవాళ ఆలూ కుర్మాకి నూనెలో వేసి తీసేశాను. 4 లవంగాలు వేశాను, నాలుగూ లెక్కగా తీశాను. వాడు రెండోసారి పెట్టించుకున్నాడు. ఆదివారం మళ్లీ పులుసు పెడతాను.