అప్‌డేట్: కాంకర్డ్ వైన్ రుచి చూశాను

కాంకర్డ్ ద్రాక్షతో చేసిన తీపి రెడ్ వైన్ దగ్గు మందులా ఉంటుందా అని పోయిన నెల అడిగాను. చాలామంది అవునన్నారు, ఒక్కరు మాత్రం బాగా చల్లబరిచి తాగమన్నారు. ఆ ఒక్కరికీ ప్రత్యేక ధన్యవాదాలు.

శనివారం న్యూయార్క్ రాష్ట్రంలో వైన్‌కు పేరున్న ఫింగర్ లేక్స్ ప్రాంతానికి వెళ్లాం. గ్లాసు ముక్కు దాకా రాకముందే ద్రాక్ష వాసన గుప్పుమంది. చిన్నప్పుడు తిన్న బెంగళూరు బ్లూ ద్రాక్షే గుర్తొచ్చింది! పోలిక ఉత్తిదేమీ కాదు, రెండింటిలోనూ అమెరికా అడవి ద్రాక్ష లాబ్రస్కా వారసత్వం ఉంది. ఆ వాసనకు ముఖ్య కారణం మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. వైన్ పండితులు దీన్ని నక్క వాసన అని ఈసడిస్తారు. నాకైతే ఏ నక్కా తగల్లేదు.

1849లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌లో ఎఫ్రయిమ్ బుల్ ఈ కాంకర్డ్ ద్రాక్ష రకాన్ని రూపొందించాడు. పండులో పులుపు ఎక్కువ కాబట్టి తీపి అవసరమే. మొదటి గ్లాసు హాయిగా దిగింది, రెండోది మొహం మొత్తింది. మా ఆయన మాత్రం ద్రాక్ష జామ్‌ను నీళ్లలో కలిపినట్టుందని పక్కన పెట్టేశారు.

మిగిలిన సీసా ఇంటికి తెచ్చి, నిన్న మిరపకాయ బజ్జీలతో తాగాను. అప్పుడు కుదిరింది.