చావు చూపించి మనిషిని ‘నశించినవాడు’ అనడం న్యాయమేనా?

రాత్రిబండి:
నాన్నగారి అంత్యక్రియల్లో పాస్టరు గారు బైబిల్లోని ప్రసంగి గ్రంథం తెరిచి ‘సమస్తము వ్యర్థమే’ అని చదివారు, అక్కడి నుంచి ఒక్క దూకులో ‘మనమందరం నశించినవాళ్లం’ దగ్గరికి వచ్చేశారు. పెట్టె ఎదురుగా ఉంది, ఎవరు లేచి ప్రశ్న అడుగుతారు? పది రోజుల తర్వాత పొద్దున్నే నాన్నగారి ఫోన్ మోగింది, చూస్తే అలారం, దానికి ‘బీపీ మాత్ర’ అని పేరు పెట్టుకున్నారు. మాత్రల పట్టీలో ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి. వ్యర్థం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. కానీ అందులో నేరం ఏముంది? ఏడుస్తున్న మనిషి దగ్గర పాపం ఒప్పించుకోవడం కాదా ఇది?

సందేహి:
మీతో ఏకీభవిస్తాను. అసలు ‘వ్యర్థం’ అన్నచోట హీబ్రూలో ఉన్న మాట హెవెల్, అంటే ఊపిరి, ఆవిరి. కయీను తమ్ముడు హేబెలు పేరు కూడా అదే మాట. పనికిమాలినది అని కాదు, గుప్పిట పడితే చిక్కనిది అని. మనుషులకీ మృగాలకీ ఊపిరి ఒక్కటే, చావూ ఒక్కటే అంటాడు ఆ గ్రంథకర్త మూడో అధ్యాయంలో. చచ్చిన సింహం కన్నా బతికున్న కుక్క మేలు అంటాడు ఇంకోచోట. తిను, తాగు, కష్టపడినదాన్ని అనుభవించు అని పదేపదే చెప్పే పుస్తకాన్ని పట్టుకొచ్చి నరకం టెన్షన్ పెట్టడమేమిటో నాకు అర్థం కాదు.

చదువరి:
సగం చదివి ఆపేశారండి. ఏడో అధ్యాయం 20వ వచనంలో పాపం చేయని నీతిమంతుడు భూమ్మీద ఒక్కడూ లేడని ఉంది, అది కూడా అదే పుస్తకం. అయితే రాత్రిబండి గారి బాధ ‘నశించిన’ అన్న మాటతో అనుకుంటా, అది వినగానే ‘నాశనమైపోయినవాడు’ అనే తోస్తుంది మనకి. లూకా సువార్త 19:10లో ‘నశించినదానిని వెదకి రక్షించుటకు’ అన్నచోట గ్రీకులో ఏ క్రియ ఉందో, 15వ అధ్యాయంలో గొర్రె తప్పిపోయింది అన్నచోటా అదే క్రియ. తెలుగులో ఒకచోట నశించడం, ఒకచోట తప్పిపోవడం. ఆ అధ్యాయంలో యేసు చెప్పిన కథల్లో తప్పిపోయినవి మూడు: నూరింటిలో ఒక గొర్రె, పదింటిలో ఒక నాణెం, ఇద్దరిలో ఒక కొడుకు. ఆ నాణెం పోగొట్టుకున్న ఆవిడ దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చింది, ఎందుకంటే మూల పడి ఉన్నా దాని విలువ తగ్గలేదు. ఎవరిదీ కానిదాన్ని తప్పిపోయింది అనం కదా.

సందేహి:
బాగానే ఉంది, కానీ నాణెం చేసిన తప్పేమిటి? ఐదో శతాబ్దంలో క్రైస్తవ బోధకులు ఆగస్టీను, పెలాగియసు కొట్టుకున్నది దాదాపు దీని మీదే, ఆదాము పాపం పుట్టుకతోనే మనకి అంటుతుందా అని. 418లో కార్తేజులో కూడిన బిషప్పుల సభ, అంటదన్న పెలాగియసు పక్షాన్ని తోసేసింది. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు మాత్రం ఆదాము నుంచి మనకి చావు వచ్చింది గానీ అతని నేరం రాలేదనే అంటాయి. అంటే క్రైస్తవుల్లోనే ఇది ఒక కొలిక్కి రాలేదు, మరి అంత ధీమాగా ఎలా చెప్తారు?

చదువరి:
నేరం వారసత్వంగా వస్తుందా అనేది తేల్చడం నా వల్ల కాదు. ఆ ఇద్దరు కొడుకుల కథలో ఇల్లు విడిచిపోయిన చిన్నవాడు తిరిగొస్తే తండ్రి విందు చేస్తాడు, నాకు మాత్రం పెద్దకొడుకు దగ్గరే మనసు ఆగిపోతుంది. వాడు ఎక్కడికీ పోలేదు, పొలంలోనే ఉన్నాడు, ఇంట్లో పాట, ఆట వినబడి ఒక పనివాణ్ణి పిలిచి ఏమిటని అడిగాడు. ‘ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నాకో మేకపిల్లనైనా ఇవ్వలేదు’ అని గడప బయటే నిలబడిపోయాడు. తండ్రి బయటికి వచ్చి వీణ్ణీ బతిమాలాడు. వాడు లోపలికి వెళ్లాడా లేదా అన్నది రాయకుండానే లూకా ఆపేశాడు. ఇంట్లోనే ఉండి తప్పిపోవచ్చు, నేనైతే ఆ బాపతే.

రాత్రిబండి:
ఆ రోజు ఇది చదివి ఉంటే నేను ఈ ప్రశ్న వేసేవాణ్ణే కాదేమో. వేరే పేజీ తీశారు, అదే నా గొడవ. వెతకడం గురించి ఒక్క ముక్క చెప్పకుండా తప్పిపోయావు అని మాత్రం చెప్పి వెళ్లిపోతే దాన్ని బెదిరింపు అనే అంటాను నేను, గ్రీకు ఏం చెప్పినా సరే.