హెబ్రీ 5:8లో "విధేయతను నేర్చుకొనెను" అంటే ఏమిటి?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై):
లెంటు (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు) బైబిల్ స్టడీకి యేసు గురించిన ఈ వచనం తీసుకున్నాం. "ఆయన, కుమారుడైయుండియు తాను పొందిన శ్రమలవలన విధేయతను నేర్చుకొనెను." నేర్చుకున్నాడంటే అంతకుముందు రాదనే కదా? 4:15లో పాపం లేనివాడని చెప్పి ఇదేంటని యూత్ వాళ్లు పట్టుకుంటారు. ఏం చెప్పాలండీ?

జవాబు:
"కుమారుడైయుండియు" దగ్గర ఆగండి. కొడుకైనా మినహాయింపు దొరకలేదని ఆ "యు" చెబుతోంది. అవిధేయత మాని దారికి రావడం కాదిది. లోబడితే ఏం భరించాలో ఒంటి మీద తెలియడం. "శ్రమలవలన" వదిలేసి చదివితేనే చిక్కు. గ్రీకులో ఎమథెన్ (నేర్చుకొనెను), ఎపథెన్ (శ్రమపడెను) ప్రాసగా పడతాయి. మనకది రాలేదు గానీ పక్కనున్న తమిళ బైబిల్ చూడండి, "పట్టపాడుగళినాలే" అని ఉంటుంది. అచ్చం మన "పడ్డ పాట్లవలన"! నాకైతే "పొందిన శ్రమల" కన్నా ఇదే బాగుంది.

ఇంకో జవాబు:
మత్తయి 4తో కలిపి చదివించండి. ఆకలిగొన్న యేసును రాళ్లను రొట్టెలు చేసుకోమని అపవాది శోధించిన ఘట్టమది. అపవాది ఎత్తుకోవడమే "నీవు దేవుని కుమారుడవైతే" అని. ఆకలి పాపం కాదు, రొట్టే పాపం కాదు. తండ్రి చెప్పకుండా కుమారుడి అధికారాన్ని సొంతానికి వాడుకోమనడమే ఉచ్చు. "కుమారుడైయుండియు" దానికి సరిగ్గా ఎదురు మాట. ఆయన జవాబులు మూడూ ద్వితీయోపదేశకాండంలోవే: 8:3, 6:16, 6:13. ఇశ్రాయేలీయులు 40 ఏళ్లు తప్పుతూ వచ్చిన పాఠం అది.

ప్రశ్న అడిగినవారు:
లోపల దురాశే లేనివాడికి అసలు శోధన ఎలా తగులుతుందంటే?

జవాబు:
యాకోబు 1:14 చెప్పే "స్వకీయమైన దురాశ" ఆయనలో లేదు, నిజమే. పతనానికి ముందు ఆదాముకీ లేదు, అయినా శోధన వచ్చింది. సిలువకు ముందు గెత్సేమనే తోటలో గిన్నె (అంటే రాబోయే శ్రమ, మరణం) తొలగించమని తండ్రిని వేడుకొన్నది చావంటే మనిషికి సహజంగా ఉండే విముఖత, పాపం కాదు. 680–681 కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ మహాసభ తేల్చింది కూడా ఇదే కోవ: క్రీస్తులో మానవ చిత్తం నిజంగా ఉంది, అది దైవ చిత్తానికి లోబడింది.

ఇంకో జవాబు:
8తో ఆపేస్తే ఆయన మంచి ఆదర్శమన్న దగ్గరే పాఠం ఆగిపోతుంది. 9లో "సంపూర్ణసిద్ధి పొందినవాడై" అనే మాట ఉంది. దాన్ని "లోపం సరిదిద్దుకొని" అని చెప్పకండి. ఆ గ్రీకు క్రియనే పాత నిబంధన గ్రీకు అనువాదం నిర్గమ 29లో యాజక ప్రతిష్ఠకు వాడింది. 5వ అధ్యాయమంతా ప్రధానయాజకుడి గురించే కదా. వెంటనే రోమా 5:19 చదివించండి: "ఒకని విధేయతవలన అనేకులు నీతిమంతులుగా". రక్షణతో లంకె అక్కడుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే 4:14 నుంచి 5:10 దాకా ఒకే పాఠంగా పెడతాం. తమిళం వచ్చినవాళ్లతో 8వ వచనం రెండు భాషల్లోనూ చదివిస్తాం.