సంక్రాంతికి ఆసుపత్రి గేటు దగ్గర పులిహోర పొట్లాలు: ఉపకారమా, హడావుడా?

గోదారి_గట్టు
పండగ పూట ప్రభుత్వాసుపత్రి దగ్గర పొట్లాలు పంచాలని చాలామంది అడుగుతున్నారు. వద్దనే అంటాను. రోగికి లోపల భోజనం వస్తుంది. అవస్థంతా వెంట వచ్చినవాళ్లది. పండక్కి మెస్సులు మూసేస్తారు, పంచేవాళ్లేమో అందరూ మధ్యాహ్నం ఒంటిగంటకే దిగుతారు. ఒక్కొక్కరి చేతిలో నాలుగు పొట్లాలు. రాత్రి ఎనిమిదికి చూడండి, ఒక్కటీ ఉండదు. మధ్యాహ్నం మిగిలిందే తింటారు, తెల్లారేసరికి వాంతులు.

పోపుల_పెట్టె
అది వేళ తప్పడం అండీ, పొట్లం తప్పు కాదు. సాయంత్రం ఆరింటికి వండి ఏడున్నరకు పంచండి. కేజీ బియ్యానికి చింతపండు 100 నుంచి 120 గ్రాములు, నూనె 150 మిల్లీలీటర్లు, పల్లీలు 100 గ్రాములు. 300 గ్రాముల చొప్పున కడితే ఎనిమిది పొట్లాలకు తక్కువ రావు.

అన్నం పలుకుగా వండి వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోయాకే పులుసు కలపాలి. వేడి మీదే కవర్లో కడితే ఆవిరి నీరై కారి అన్నం ముద్దవుతుంది, అక్కడే పాడవడం మొదలు. అన్నంలో బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వండినా చావని బీజాలుగా ఉంటుంది. గది వేడిలో గంటలకొద్దీ వదిలేస్తే అది విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. చింతపండు పులుపు దాన్ని కొంత ఆపుతుంది కాబట్టే పులిహోర. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు. పొట్లం మీద వండిన వేళ రాయండి, ‘రాత్రికే తినండి’ అని కూడా.

ఎర్ర_సంచి
ఇద్దరూ అన్నం దగ్గరే ఆగారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ రక్తదాతలు ఊళ్లకు వెళ్లిపోతే ఏమవుతుందో చెప్తా. ఎర్రకణాలు సంచిలో కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, వాటికి పండగ దెబ్బ వెంటనే తగలదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్ల ఆయుష్షు 5 రోజులే. పరీక్షలకు పోయే టైము కూడా అందులోదే. దాతలు రాకపోతే కనుమ దాటేసరికి బ్లడ్ బ్యాంకులో ఎర్రసంచులు ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఉండవు. క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న పిల్లాడికి కావలసింది అవే.

అందుకే భోగి ముందురోజో, కనుమ నాడో ఇవ్వండి. 18 ఏళ్లు నిండి ఉండాలి, కనీసం 45 కేజీల బరువు, హిమోగ్లోబిన్ 12.5. మగవాళ్లయితే ముందుసారి ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు దాటాలి. తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకుని ఉంటే ముందే చెప్పండి, ఆ ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయవు. ఖాళీ కడుపుతో మాత్రం రావద్దు. పిండివంటలు తిన్నారుగా, రావచ్చు!

గోదారి_గట్టు
ఒప్పుకుంటాను. కానీ రక్తం ఇవ్వలేని పెద్దవాళ్ల సంగతి?

వరండా_చాప
పైసా అక్కర్లేని పనులున్నాయండీ. జనవరి రాత్రి వరండాలో గచ్చు మంచులా ఉంటుంది, దుప్పటికన్నా ముందు కింద పరుచుకోవడానికి అట్టపెట్టె కావాలి. టీవీ పెట్టెలు విప్పి తీసుకెళ్లండి. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, నాలుగు ఛార్జర్లు కూడా. ఫోన్ ఆగిపోతే ఊళ్లోవాళ్లకు కబురందదు. అయితే వార్డులో ప్లగ్గులు ముట్టుకోవద్దు, ఏ మిషను దానికుందో తెలియదు. బయట హాల్లో, సెక్యూరిటీని అడిగి పెట్టండి.

ఒంటరిగా వచ్చిన తల్లి బిడ్డ మంచం వదిలి మందుల షాపుకు వెళ్లలేదు. చీటీ తీసుకుని మీరు వెళ్లండి, కానీ ముందు డ్యూటీ నర్సుకు చెప్పండి. బిల్లూ చిల్లరా ఆ తల్లి చేతిలోనే పెట్టండి. రోగికి మాత్రం అరిసె ముక్క కూడా ఇవ్వొద్దు. షుగరుందో, ఆపరేషన్ కోసం పస్తుంచారో మనకు తెలియదు.

పోపుల_పెట్టె
సరే, అయితే రాత్రి ఏడున్నరకు పులిహోర, అట్టలు. మధ్యాహ్నం జోలికి పోం. గోదారి_గట్టు గారూ, ఇప్పటికీ వద్దంటారా?

గోదారి_గట్టు
మధ్యాహ్నానికి వద్దనే అంటాను. రాత్రి పొట్లాల మీద వేళ రాయడానికి మార్కర్ నేను తెస్తా.