కొండదారిని మార్చాలా, కొలతల బోర్డు పెడితే సరిపోతుందా?

మట్టిదారి:
వీల్‌చైర్‌ వాడేవాళ్ల కోసం ట్రెక్కింగ్ దారులు మార్చాలనే మాట తరచూ వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. సిమెంట్ పోశాక అది అడవిబాట ఎలా అవుతుంది? ఎక్కడ ఎంత వాలుందో మొదట్లోనే బోర్డు మీద రాసేస్తే, వెళ్లాలో వద్దో ఎవరికి వారే తేల్చుకుంటారు. కాదనేవాళ్లు కొలతలతో కాదనండి.

అడ్డవాలు:
సిమెంట్ అడిగిందెవరండీ? అమెరికా ఫెడరల్ భూముల్లో కొత్తగా వేసే దారులకు 2013లో వచ్చిన నియమాలే చూడండి. నేల గట్టిగా, కదలకుండా ఉండాలన్నారు, అంతే. వెడల్పు 36 అంగుళాలు. వాలు 20కి 1 లోపుంటే, అంటే 20 అడుగులు పోతే ఒక అడుగు ఎక్కేలా ఉంటే, ఎంత పొడవైనా ఫర్వాలేదు. 12కి 1 దాకా 200 అడుగులు, 10కి 1 దాకా 30, 8కి 1 దాకా 10 అడుగులే. అలాంటి ప్రతి ముక్కకూ రెండు కొసల్లో 5 అడుగుల పొడవున ఆగే చోటు ఉండాలి. నేల తీరు ఒప్పుకోని చోట మినహాయింపూ ఉంది. కొండను చదును చేయమని ఇందులో ఎక్కడుంది?

బోర్డు మంచిదే, కానీ చూపు లేనివాళ్లకు అదేం చెబుతుంది? అవే వివరాలు వెబ్‌సైట్‌లో ఫొటోగా కాకుండా అక్షరాల్లో ఉంటే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. ఇంకొకటి, బోర్డు మీద సగటు వాలొక్కటే రాస్తే చాలదు. సగటు 4 శాతం అన్న దారిలో 15 శాతం ముక్క ఒక్కటి చాలు, మనిషి సగంలో ఆగిపోవడానికి. అత్యధిక వాలు, అతి ఇరుకు చోటు, అవి మొదలు నుంచి ఎంత దూరంలో ఉన్నాయి అన్నవి రాయాలి.

క్రషర్ డస్ట్:
గట్టినేల అనగానే గులకరాళ్లు పోసేస్తారు. గుండ్రటి రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. కుర్చీ ముందున్న చిన్న చక్రాలు దిగబడిపోతాయి. కావలసింది కోణాలున్న క్రషర్ రాయి, 10 మి.మీ. నుంచి పొడి దాకా అన్ని సైజులూ కలిసినది. ఆ పొడే సందుల్లో చేరి బిగిస్తుంది. శుభ్రంగా ఉంటుందని జల్లెడ పట్టి డస్ట్ తీసేశారా, పని చెడినట్టే.

ముందు ఆకులూ మెత్తటి మట్టీ తీసేసి గట్టినేల దాకా దిగాలి. చిత్తడి అయితే కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) పరచాలి. మొత్తం మందం 10 నుంచి 15 సెం.మీ., అదీ 5 లేదా 7 సెం.మీ. పొరలుగా. ప్రతి పొరకీ నీళ్లు చల్లి ప్లేట్ కంపాక్టర్, అంటే నేలను దిమ్మించే యంత్రం, నడపాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. ఒకేసారి అంతా పోసి దిమ్మిస్తే పైన పెంకు కడుతుంది, అడుగున వదులుగానే ఉంటుంది.

మట్టిదారి:
ఇంత చేశాక ఒక్క గట్టి వానకి కొట్టుకుపోదా?

అడ్డవాలు:
నీళ్లను దారి వెంట పరిగెత్తనిస్తే తప్పకుండా పోతుంది. పాత పద్ధతిలో దుంగ అడ్డం వేసి మళ్లిస్తారు, కుర్చీకి అదే మెట్టవుతుంది. మట్టిదారిలో 2 అంగుళాలకు మించి అడ్డు లేవకూడదు. దుంగకు బదులు దిగుడు మధ్యలో దారినే కాస్త పైకి తిప్పి మళ్లీ దించండి. నీళ్లు ఆ పల్లంలో పక్కకు జారిపోతాయి. అడ్డవాలు, అంటే దారి అడ్డంగా లోయ వైపు ఒరిగే వాలు, మాత్రం 5 శాతం దాటనివ్వకండి. దాటితే కుర్చీ అటే లాగుతుంది, ఒకే చెయ్యి తోస్తూ ఉండాలి. ఇది ఎంత అలుపు తెస్తుందో దారులు వేసేవాళ్లకు ఎందుకో తట్టదు.

మట్టిదారి:
సరే, నేల విషయంలో తగ్గుతాను. నిటారు చోట్లకు జోయెలెట్ ఉంది కదా, ఒంటిచక్రం కుర్చీ. ముందొకరు, వెనకొకరు పట్టుకుంటే రాళ్లలోనూ పోతుంది. దారిని మార్చే బదులు బండిని మార్చవచ్చు.

క్రషర్ డస్ట్:
తోడున్నవాళ్లకు బాగుంటుంది. ఒంటరిగా వెళ్లాలనుకునేవాళ్ల మాటేమిటి? అన్ని నేలల మీదా నడిచే మోటారు కుర్చీలున్నాయి, కానీ అవి మొదటి గేటు దగ్గరే ఆగిపోతాయి. బైకులు రాకుండా వంకర రెయిలింగ్ పెడతారు, అందులో కుర్చీ తిరగదు. 36 అంగుళాల సందు వదిలితే బైకూ దూరుతుంది. తాళం వేస్తే తాళంచెవి కోసం ఎవర్నో బతిమాలాలి. బైకు దూరినా సరే, సందు వదలాల్సిందేనంటాను నేను.

మట్టిదారి:
నేల గట్టిపడితే బైకులకూ హాయే. అక్కడ మీతో ఏకీభవించలేను.